గట్టిమేళము

పెండ్లిపిలుపు వచ్చిన యింట సంతోషము పుట్టవలెను. నాలుగుమూలల పసుపు రాచిన శుభలేఖ చేతి కందినంతనే ఆడువారు చీరల మాటయు, పిల్లలు లడ్డూల మాటయు, మాబోటి బడిపంతుళ్లు సెలవుదినముల మాటయు తలచుకొనుట లోకమర్యాద. మా యింట మాత్రము కొన్నియేండ్లపాటు శుభలేఖ వచ్చినపు డెల్ల భయము పుట్టుచుండెను. ఆ లేఖను చదివి, దేవునిగూటిలో పెట్టి, మా గృహిణియు మేమును ఒకరి ముఖ మొకరు చూచుకొనకుండ లేచిపోవుచుంటిమి. వెళ్లువా రెవరు, ఉండువా రెవరు అని పైకి అడుగుకొన నక్కఱలేదు. వెళ్లువారము మేము. పిల్లవానితో ఇంట నుండునది ఆమె.

మాకు ఒక్కడే కుమారుడు. వానికిపుడు పదునొకండవ యేడు. వాడు ఆటిజము కలవాడు. వాని పేరిక్కడ వ్రాయము. పెద్దవాడైన పిమ్మట తన్నుగూర్చి నలుగురికి చెప్పుకొనుటయో మానుటయో వాని యిష్టము గాని మాది కాదు. మేము చెప్పబూనినదియు వాని కథకంటె మా కథయే యెక్కువ. ఇంకను నిజము చెప్పవలెనన్న, మన పెండ్లిపందిళ్ల కథ.

2019వ సంవత్సరమున మా అన్నగారి కుమారునకు రాజమహేంద్రవరమున ఉపనయనము జరిగెను. అప్పటికి మావానికి అయిదేండ్లు. మాటలు మిక్కిలి తక్కువ. కాని సాయంకాలములందు మేము ఇంట విద్యార్థులచేత శబ్దములు వల్లె వేయించుచుండగా విని విని, రామశబ్దము మొదలుకొని గౌరీశబ్దమువఱకు ఏడు విభక్తులును సంబోధనయును తప్పు లేకుండ అప్పగించెడివాడు. దాహము వేయుచున్నదని చెప్పలేని బిడ్డ "రామః రామౌ రామాః" అనుచుండ మాకు గర్వము కలిగెను. ఏకసంథాగ్రాహి యని చెప్పుకొంటిమి. వైద్యు డొకరు "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి, కంగారు పడకండి" అనిరి. మేము కంగారు పడలేదు. పడవలసిన కాలమున పడకపోవుటయు నొక తప్పే.

కల్యాణమండపమున మూడువందల మందికి తక్కువ లేరు. సన్నాయివారు మైకు ముందర కూర్చుండిరి. వీడియోవాని దీపములు కన్నులలో గ్రుచ్చుకొనుచుండెను. బంధువులు ఒకరి తరువాత నొకరు వచ్చి పిల్లవాని బుగ్గ గిల్లి "నేనెవరో చెప్పు చూద్దాం" అని అడుగుచుండిరి. ఈ ప్రశ్నకు తడుముకొనకుండ ఉత్తరము చెప్పగల పెద్దవారైనను ఎందరుందురు? వాడు మొదట చెవులు మూసికొనెను. పిమ్మట కన్నులు మూసికొని రామశబ్దము నారంభించెను. మేము పొంగిపోయి నలుగురిని పిలిచి వినుడంటిమి. మునిగిపోవుచున్న బిడ్డ పట్టుకొన్న కొయ్యముక్కను మేము వాని పాండిత్య మనుకొని సభకు చూపితిమి.

అంతలో మా పెదతండ్రిగారు వచ్చిరి. "బాగుందిరా, ముందు నా కాళ్లకి దణ్ణం పెట్టమను" అనిరి. మేము వాని మెడమీద చేయివేసి వంచితిమి. వాడు కేక వేసెను. ఆ కేక మా చెవులలో నిప్పటికిని ఉన్నది. నేలబడి తల కొట్టుకొనెను. లేవదీయబోయిన పెదతండ్రిగారి పంచె పట్టి చింపెను. వెనుకనుండి యెవరో "మేష్టారి కొడుకా?" అని నవ్విరి. మేము కొట్టితిమి. బడిలో బెత్తము ముట్టడని పేరు తెచ్చుకొన్న మేము, మూడువందలమంది చూచుచుండ, అయిదేండ్ల బిడ్డను చెంపమీద కొట్టితిమి.

సన్నాయి ఆగలేదు. మా గృహిణి వానిని ఎత్తుకొని వెనుకనున్న వంటసామగ్రి గదిలోనికి పోయి, బియ్యపుబస్తాల నడుమ సాయంకాలమువఱకు కూర్చుండెను. ఆమెకు విస్తరి అక్కడికే పంపిరి. ఆ గదిలో అదివఱకే మా దూరపుబంధువగు నొక వృద్ధవితంతువు కూర్చుండియుండెను. వటువునకు ఎదురు రాగూడదని తనంతట తానే అక్కడ చేరినదట. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన ప్రథమ వితంతువివాహము జరిపించిన పట్టణమది. మేము ప్రతియేట ఆ సంగతి పిల్లలకు పాఠము చెప్పుదుము. శుభకార్యమునకు ముందుగది యొకరికి, వెనుకగది మఱియొకరికి అని పంచిపెట్టు అలవాటు ఎట్టిదో ఆనాడు మా యింటి మనిషి అందు కూర్చుండినపుడుగాని మాకు తెలిసిరాలేదు.

ఆ యేడే గౌతమీ ఎక్స్‌ప్రెస్సున సికింద్రాబాదు పోయి, మనోవికాస నగరునందలి జాతీయసంస్థలో పిల్లవానిని చూపించితిమి. 1984లో స్థాపితమైన ఈ సంస్థవారే మన దేశపు పిల్లలకు తగినట్లుగా ఆటిజమును గుర్తించి కొలుచు ప్రశ్నావళిని కూర్చినారు. అచ్చట మాకు పేరు తెలిసినది. పేరు తెలిసినంతమాత్రమున బాధ తగ్గదు గాని, ఇన్నాళ్లును మొండితనమని తిట్టినదానిని మఱల తిట్టుటకు నోరు రాదు.

ఈ పేరునుగూర్చి ఒక్కమాట. గ్రీకుభాషలో "తాను" అను నర్థమిచ్చు పదమునుండి ఆటిజమను మాట పుట్టెను. మన సంస్కృతజ్ఞులు దానిని "స్వలీనత" యనిరి. 1999నాటి జాతీయన్యాసచట్టపు హిందీపాఠమున "స్వపరాయణత" యని యున్నది. ధర్మపరాయణు డనిన ధర్మమే పరమగతి యైనవాడు. అట్లే స్వపరాయణు డనిన తన లాభము తప్ప మఱేమియు నెఱుగనివాడని యర్థమగును. మా పిల్లవాని వంటి నిస్స్వార్థుని మేము చూడలేదు. అబద్ధమాడుట వానికి చేతకాదు. తనలో తాను లీనమై లోకమును విననివాడును కాడు. లోకము వానికి అవసరమునకు మించి వినబడుచున్నది. ఆ కారణముచేత మేము ఈ రెండు సంస్కృతపదములను విడిచి, సంస్కృత పండితులమై యుండియు, ఆటిజమనియే వ్రాయుచున్నాము.

1925లో మాస్కోనగరపు వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలురనుగూర్చి వ్రాసినది. లోక మామెను చాలకాలము మఱచెను. 1943లో అమెరికాయందలి బాల్టిమోరున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను వర్ణించెను. పెద్దధ్వనులకును, యంత్రముల రొదకును, కదలు వస్తువులకును ఆ పిల్లలు హడలిపోవుదురని ఆ మొదటి వ్యాసముననే యున్నది. అట్లుండియు, వైద్యులు రోగనిర్ణయము చేయు అమెరికా గ్రంథమున ఈ యింద్రియబాధ ఒక లక్షణముగా చేరుటకు 2013వ సంవత్సరము రావలసివచ్చెను. నడుమ నడచిన కాలమున పండితులు వెదకిన దేమి? తప్పెవరిదని! తల్లులు ప్రేమలేనివారగుటచేత పిల్లలిట్లగుదురని షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పెద్దగ్రంథమే వ్రాసెను. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ దానికి మూడేండ్లకు ముందే, ఇది మెదడునకు సంబంధించినది గాని పెంపకమునకు సంబంధించినది కాదని వాదించియుండెను. మొదట తానును తల్లిదండ్రుల చల్లదనమునుగూర్చి వ్రాసిన కానర్, 1969లో తల్లిదండ్రుల సభయందు నిలుచుండి మీరు నిర్దోషులని చెప్పెను. ఆ తీర్పు మన గోదావరితీరమున కింకను చేరలేదు. మా గృహిణిని మా వైపువారు అడిగినవి మేమెఱుగుదుము. కడుపుతో నున్నపుడు గ్రహణము చూచితివా? ఉద్యోగమునకు పోయి బిడ్డను ఆయాకు వదలితివా? ఫోను చేతికిచ్చితివా? ఆమె దేనికిని బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు. చెప్పవలసినవారము మేము.

మొండితనమునకును దీనికిని గల భేదమును మాకు కాకినాడలో ఒక శిక్షకురాలు తెలియజెప్పెను. మొండిపిల్లవాడు ఏడ్చుచు నడుమ నడుమ మనవైపు చూచును. కోరినది దొరికిన నూరకుండును. మావానిది అట్టి యేడ్పు కాదు. అది పాలపొంగు. పాలు పొంగి పొయ్యిలో పడినపుడు పాలను తిట్టు ఇల్లాలు లేదు. మంట తగ్గించును, లేదా గిన్నె దింపును. మేము చేయవలసిన పనులును ఆ రెండే.

మంటయేదో తెలిసికొనుటకు మేము మన శుభకార్యములను మావాని చెవులతోను కన్నులతోను మఱల చూడవలసివచ్చెను. చూచినకొలది మాకు ఆశ్చర్యము పెరిగెను. వివాహమునకు శాస్త్రము విధించినవి పాణిగ్రహణము, హోమము, సప్తపది మొదలగునవి. వీనిలో బిడ్డను భయపెట్టున దొక్కటియు లేదు. అగ్నియన్న వానికి ఇష్టము. మంత్రమన్న మఱియు నిష్టము. ఒకే స్వరమున, ఒకే వరుసను, ఎన్ని పెండ్లిండ్లకైనను మాఱనిది గదా! ముహూర్తవేళ తుమ్మో చెడుమాటో వినబడకుండుటకు గట్టిమేళము మ్రోగింతురని పెద్దలు చెప్పుదురు. కానిండు, అది నిమిషములో ముగియును. వానిని పొంగించునవి అన్నియు అద్దెకు తెచ్చినవి. మైకుసెట్టు అద్దెకు, డీజే పెట్టెలు అద్దెకు, దీపములు అద్దెకు, తలలపై తేనెటీగవలె రొదచేయుచు తిరుగు డ్రోను అద్దెకు. పురోహితుని కంఠము నాలుగు వరుసల వారికి వినబడినచాలును గదా. నాలుగు వీధుల వారికి వినబడవలెనని ఏ గృహ్యసూత్రమున నున్నది? ప్రక్కనున్న వియ్యంకునితో మాటాడుటకు చెవిలో నోరుపెట్టి అరచువారము మనము, చెవులు మూసికొన్న పిల్లవానిని చూచి వీనికేమి జబ్బని అడుగుదుము. అద్దెకు తేకపోయినను వచ్చున దొకటి కలదు. అది పరుల బిడ్డను అడుగకుండ ముట్టుకొను మన హక్కు.

2020లో కరోనా వచ్చినపుడు లోకమంతయు దూరముగా నిలిచి, ముట్టక, చేతులు జోడించి నమస్కరించినది. పెండ్లిండ్లు పదిమందితో జరిగినవి. ఎందరినో పోగొట్టుకొన్న కాలమది, దానిని మేము పొగడము. కాని ఆ రోజులలో ఒక గృహప్రవేశమునకు పోయినపుడు మావాడు రెండుగంటలసేపు గోడవారగా నిలుచుండి, పాలు పొంగించుట చూచి, శాంతముగా ఇంటికి వచ్చెను. వాడు మనుష్యులను ద్వేషించునని అప్పటివఱకు మేమనుకొంటిమి.

కానర్ వర్ణించిన పదునొకండుగురిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీరాష్ట్రపు ఫారెస్ట్ అను చిన్న పట్టణమున బ్యాంకులో పనిచేసి, గోల్ఫ్ ఆడి, ఒంటరిగా దేశదేశములు తిరిగి, 2023లో తన 89వ యేట మరణించెను. ఆయనను చూచుటకు పోయిన పత్రికారచయితలు ఆ యూరివారు ఆయనను తమవానిగా కాపాడుకొనుచుండుట చూచి వ్రాసిరి. బిడ్డకు ఊరు నేర్పుటయేగాక ఊరికి బిడ్డను నేర్పుటయు నొక పని యని మాకు అది చదివినపుడు తోచెను. మన దేశమున 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములలో ఆటిజమును చేర్చినది. బడిలో చోటు చట్టమిచ్చును. పెండ్లిపందిటిలో చోటు బంధువులే యియ్యవలెను.

2025లో మా చెల్లెలి కుమార్తెకు పెండ్లి కుదిరెను. అమలాపురమునకు కొన్నిమైళ్ల దూరమున, కాలువగట్టునగల గ్రామములో, ఇంటిముందర పందిటిలో. ముహూర్తము రాత్రి 9 గంటల 42 నిమిషములకు. ఆ పిల్లకు మేము మేనమామలము, మాకు తోబుట్టిన ఆడుపడుచు అదొక్కతయే. పెండ్లికూతును బుట్టలో కూర్చుండబెట్టి పీటలవద్దకు తీసికొనిపోవలసినవారము మేమే. శుభలేఖ చదివి దేవునిగూటిలో పెట్టబోవుచుండగా మా గృహిణి "ఈసారి నేనూ వస్తాను. వాణ్ణీ తీసుకువెళదాం" అనెను. ఆరేండ్లలో ఆమె తన తమ్ముని పెండ్లికిసైతము ముహూర్తమునకు నిలువలేదు. మేము కాదనలేకపోతిమి.

అమెరికాలో కేరొల్ గ్రే అను ఉపాధ్యాయిని 1990 ప్రాంతమున ఒక పద్ధతి కనిపెట్టెను. జరుగబోవు సంగతిని చిన్నకథగా, బిడ్డ తానే చెప్పుకొనుచున్నట్లు, ఉన్నదున్నట్లు వ్రాసి, బొమ్మలు వేసి, ముందుగా పలుమారు చదివి వినిపించుట. వినుట కెంతయో సులభము. మేమొక రాత్రి కూర్చుండి ఇరువది పుటలు వ్రాసి శిక్షకురాలికి చూపితిమి. ఆమె చదివి నవ్వి, "మేష్టారూ, ఇది కథ కాదండీ, స్కూలు రూల్సు" అనెను. చూచుకొందుము గదా, ప్రతివాక్యమును "ఏడ్వకూడదు, పరుగెత్తకూడదు, నమస్కరించవలెను" అనియే ముగిసినది! సంస్కృతములో చెప్పవలెనన్న అంతయు విధిలిఙ్. విధిలిఙ్ అంతయు కొట్టివేసి లట్టున తిరుగ వ్రాయవలసివచ్చెను. "పందిట్లో చాలామంది ఉంటారు. వాళ్లు గట్టిగా మాట్లాడుకుంటారు. గట్టిమేళం రెండుసార్లు మోగుతుంది. ఒకటి జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు. రెండోది తాళి కట్టేటప్పుడు. తర్వాత అయిపోతుంది. కొంతమంది నన్ను ముట్టుకోబోతారు. నేను చేతులు జోడించవచ్చు. జోడించకపోయినా ఎవరూ కొట్టరు." ఈ కడపటి వాక్యము వ్రాయునపుడు మా చేయి నిలిచినది. ఆరేండ్ల క్రిందటి సంగతి వానికి జ్ఞాపకమున్నదో లేదో వాడెన్నడును చెప్పలేదు. ఆ వాక్యము వచ్చినపుడెల్ల వాడు దానిమీద వ్రేలుంచి, మఱల చదువుమని సైగచేయుచుండెను.

ఇంకొక పుట యుండెను. బాధ యెక్కువైనచో చూపుటకు వాని జేబులో నొక పసుపుపచ్చని అట్టముక్క పెట్టితిమి. "నేను పచ్చకార్డు ఇస్తే అమ్మ నన్ను వెంటనే బయటికి తీసుకువెళుతుంది" అని మేము వ్రాసితిమి. మా గృహిణి ఆ పుట తీసికొని, కలముతో "అమ్మ" అను మాటను కొట్టివేసి, పైన "నాన్న" అని వ్రాసి, ఏమియు ననకుండ మాకు తిరిగి యిచ్చెను.

మిగిలిన సన్నాహములు చిన్నవి. పట్టుపంచె గరుకని నాలుగుమార్లు ఉతికిన నూలుపంచె. యంత్రశాలలలో పనివారు పెట్టుకొను చెవిదొప్పలు. వాని కంచము, వాని పెరుగన్నము. మధ్యాహ్నపు నిద్ర. పెండ్లికి ముందునాటి యుదయముననే, పందిరి వేయుచుండగానే, ఇంకను మనుష్యులు చేరకమునుపే ఆ యింటికి చేరుట. ఒక్క పని మాత్రము కష్టమయ్యెను. అది ఉత్తరము. మా చెల్లెలికిని, బావగారికిని, ముఖ్యులగు బంధువు లిరువురు ముగ్గురికిని పిల్లవాని సంగతి విప్పి వ్రాసి, వాని నెవరును ముట్టవలదనియు, నేనెవరని అడుగవలదనియు, డీజే పెట్టెలు వలదనియు కోరితిమి. బావగారు డీజే మాన్పించుటకు ఒప్పుకొనిరి, మగపెండ్లివారిని ఒప్పించుటకు వారికి నాలుగురోజులు పట్టెను. పెదతండ్రిగారు ఫోను చేసిరి. "మన వంశంలో ఇలాంటివి లేవురా. ఊరంతా చాటుకుంటావేం? ఆడపిల్ల పెళ్లి, రేపు నలుగురూ ఏమనుకుంటారు?" అనిరి. ఆ నలుగురెవరో నలువదియేండ్లుగా మేమును వెదకుచున్నాము. కాని ఆయన భయము అబద్ధమని మేమనము. సంబంధములు చెడిపోవునని దాచు ఇండ్లు మనలో నెన్నియో కలవు.

పెండ్లినాడు వానికి పని దొరికెను. వెనుకగదిలో బావగారి తల్లిగారు తాంబూలపు సంచులు నింపుచుండిరి. ఆమెకు చెవులు సరిగా వినబడవు, అందుచేత ఎవరిని ఏమియు నడుగరు. సంచికి ఒక కొబ్బరికాయ, రెండు తమలపాకులు, వక్కపొట్లము, అరటిపండ్లు, రవికగుడ్డ. మొత్తము నాలుగువందల సంచులు. వాడు ఆమెకెదురుగా కూర్చుండి, చెవిదొప్పలు పెట్టుకొని, ఒక్కొక్కటి వరుస తప్పకుండ వేయుచు, ప్రతి పదింటికొకసారి మెల్లగా అంకె చెప్పుచుండెను. ఆమె ఒకదానిలో వక్క మఱచిన వాడు తీసియిచ్చెను. మూడుగంటలసేపు ఆ యిరువురును ఒక్కమాట ఆడుకొనలేదు. అంత చక్కని సాంగత్యమును మేము ఆ పెండ్లిలో మఱెక్కడను చూడలేదు. ఆ పెద్దమ్మగారు తన మనుమరాలి పెండ్లినాడు వెనుకగదిలోనే యెందుకు కూర్చుండిరో మాకు తెలియును. తెలిసి, ఆనాడును ఊరకుంటిమి.

సాయంకాలము పెదతండ్రిగారు వచ్చిరి. గదిగుమ్మమున నిలిచి, అలవాటున వాని తలపైకి చేయి చాచిరి. నడుమనే ఆగి, ఆ చేతిని వీపువెనుక పెట్టుకొని, కొంతసేపు సంచులు చూచి, వెళ్లిపోయిరి.

తొమ్మిదింబావునకు కరెంటు పోయెను. వెనుకగది కిటికీప్రక్కనే జనరేటరు పెట్టియున్నారని మే మెఱుగము. మా ఇరువది పుటలలో జనరేటరు లేదు. దాని రొద మేము పందిటిలో వినునపుడు మా గృహిణి వానిని అరుగుమీదికి తీసికొనివచ్చెను. కాని వాడు ఆమె చేయి విడిపించుకొని, రెండువందలమంది నడుమనుండి, ఎవరును ముట్టకుండ ముడుచుకొని, మాకొఱకు వెదకుచు నడచివచ్చెను. మేమప్పుడు బుట్టమీద చేతులు వేసియుంటిమి. పురోహితుడు "మేనమామగారూ, రండి రండి" అని పిలుచుచుండెను. వాడు పసుపుపచ్చని అట్టముక్కను మా ముందరకు చాచెను. చేయి వణకుచుండెను.

"ఒక్క నిమిషం నాన్నా" అంటిమి. ఈ మాట మనమందఱము రోజునకు ఇరువదిమార్లందుము. మనకు దాని యర్థము "ఇప్పుడు కాదు" అని. వానికి నిమిషమనగా అరువది సెకండ్లు. వాడు అక్కడనే నిలుచుండి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్ట నారంభించెను. మేము మిగిలిన మేనమామవరుస వారితో కూడి బుట్టనెత్తి పీటలవద్దకు చేర్చి దింపునప్పటికి వెనుకనుండి "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది" అని వినబడెను. వాడు మా వెంటనే నడచివచ్చినాడు. చెల్లెలు మా కండువా పట్టుకొని "ఇక్కడే ఉండు అన్నయ్యా, ముహూర్తం" అనెను. మేము గృహిణివైపు చూచితిమి. ఆమె మమ్ము చూడలేదు. ఆరేండ్ల తరువాత పీటలకెదురుగా, మొదటివరుసలో, తనకు దొరికిన కుర్చీలో కూర్చుండి, చేతిలో అక్షింతలు పట్టుకొని తెరసెల్లా వైపు చూచుచుండెను.

"అరవై" అని వినబడెను.

మేము కండువా విడిపించుకొని, వానిని ముట్టక, ముందు నడచితిమి. వాడు వెనుక నడచెను. కాలువగట్టున రావిచెట్టు క్రింద సిమెంటుచప్టాపై ఇరువురము కూర్చుంటిమి. చీకటి. కొంతసేపు వాడు ఊగుచు రామశబ్దము చెప్పుకొనెను. ఈసారి మేమెవరిని పిలువలేదు. తృతీయ దాటి చతుర్థికి వచ్చునప్పటికి ఊగుట తగ్గెను. మా చెల్లెలు ఆనాడేమియు ననలేదు. నెలదినములైన పిమ్మట ఒకసారి, "ఆ వేళకి నువ్వు లేవు అన్నయ్యా" అనెను. దానికి మాయొద్ద ఉత్తరము లేదు, ఇప్పటికిని లేదు.

పందిటినుండి గట్టిమేళము వినబడెను. వాడు చెవిదొప్పలపై చేతులదుముకొని, అది ఆగినపిమ్మట, ఒక వ్రేలెత్తి "ఒకటి" అనెను. మేమును ఒక వ్రేలెత్తితిమి. చాలసేపు ఎదురుచూచితిమి. నడుమ కరెంటు వచ్చి, కాలువ నీళ్లలో పందిటిదీపములు వెలిగినవి. జనరేటరు ఆగెను. మఱికొంతసేపటికి మేళము రెండవసారి మ్రోగెను.

"రెండు. అయిపోయింది" అని వాడు లేచి, అట్టముక్కను మా చేతినుండి తీసికొని జేబులో పెట్టుకొని, "ఎనభై ఎనిమిది సంచులు" అనెను. మూడువందల పండ్రెండు అప్పటికే నింపియుండెను. వాడు ముందును మేము వెనుకను వెనుకగదివైపు నడచితిమి.